పురుగు మెడకు వెంట్రుక ముడి

శారదక్క సంతాప సభ మా మీటింగు హాల్లో పదిహేను నిమిషాల్లో అయిపోయింది. ఫొటోకు దండ వేశారు, రెండు నిమిషాలు నిలబడ్డారు, మా కేంద్రం పెద్ద పురుషోత్తం సార్ మైకు అందుకుని "బంగారం లాంటి చేతులు ఆమెవి" అన్నారు. ఆ తర్వాత మాట్లాడిన వాళ్లంతా చేతుల గురించే మాట్లాడారు. ఊపిరి ఊసు ఒక్కరూ ఎత్తలేదు. ఊపిరి ఆడకనే కదా ఆ మనిషి నలభై ఏళ్లకే పోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. లేచి నాలుగు మాటలు అనేద్దామనుకున్నాను. లేవలేదు. సభ అయ్యాక ఇచ్చిన చాయ్ కూడా తాగి వచ్చాను.

నా పేరు మేఘన. మాది జనగామ. మా ఇంట్లో పొలం పేరు చెప్పుకుని బతుకుతారు గానీ చేనులో కాలు పెట్టి ఇరవై ఏళ్లయిన వాళ్లే అందరూ. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా అమ్మ వచ్చిన వాళ్లందరికీ చెబుతుంది. నిజమే. ఈ రాసేది కూడా కోపంతోనే. అయితే ఈసారి కోపం ఎదుటివాళ్ల మీద కాదు.

పెద్దవంగర దాటాక మక్కజొన్న చేన్ల మధ్య ఒక విత్తనాల కంపెనీ పరిశోధన కేంద్రం ఉంది. దాని పేరు రాయను. రాసినా రాయకపోయినా శారదక్కకు ఒరిగేది లేదు. 2021 జూన్‌లో పీహెచ్‌డీ కోసం నేను అక్కడ చేరాను. నా పని శనగపచ్చ పురుగు మీద. మరిపెడ వైపు మిరప కాయకు బొక్క పెట్టేది, చిట్యాల వైపు కంది చేనును గుల్ల చేసేది ఇదే. చేనులో కనిపించేది దాని పిల్ల. ఆ పిల్ల మట్టిలో ప్యూపాగా మారి, రెక్కలు తొడుక్కుని బయటికి వస్తే దాన్ని తల్లి పురుగు అంటారు. ఒక్కో తల్లి పురుగు వెయ్యి గుడ్ల దాకా పెడుతుంది. రైతులు పిల్లకు మందు కొడతారు. నా ప్రశ్న తల్లి గురించి. అసలు దాని కడుపులో గుడ్డు ఎట్లా పండుతుంది, ఎవరు పండమంటే పండుతుంది అని.

రెక్కలతో బయటికి వచ్చిన పూట తల్లి పురుగు కడుపులో పండిన గుడ్డు ఒక్కటీ ఉండదు. దాని మెదడు వెనకాల ఆవగింజలో వందో వంతు ఉండే రెండు గ్రంథులు ఉంటాయి. వాటిలోంచి ఒక హార్మోన్ ఊరి, నెత్తురులో కలిసి, మెడ దాటి కడుపులోకి దిగుతుంది. అది చేరాకే కడుపులోని కొవ్వు గుడ్డుకు కావలసిన తిండి తయారుచేస్తుంది. గుడ్డు ఆ తిండి పీల్చుకుని పండుతుంది, పైన పెంకు కట్టుకుంటుంది. ఇది నిజమని చూపించాలంటే మెడ దగ్గర దారి మూసేయాలి. పురుగు చావకూడదు, తల తెగకూడదు, తలలోంచి మాత్రం ఏదీ కిందికి దిగకూడదు. రాత్రి బయటికి వచ్చిన పురుగుకు పొద్దున్నే ముడి పడాలి. మధ్యాహ్నం దాకా ఆగితే హార్మోన్ అప్పటికే దిగిపోతుంది.

చెప్పినంత సులువు కాదు. పట్టు దారం పెట్టాను, జారిపోయింది. చేపల గాలానికి కట్టే సన్న తీగ పెట్టాను, తలలు తెగి బల్ల మీద దొర్లాయి. మొదటి నెలలో రెండు వందల పురుగుల్ని పాడు చేశాను. తల ప్రాణం తోకకొచ్చింది.

అప్పటికి శారదక్క ఆ పురుగుల్ని పెంచే గదిలో ఏడేళ్లుగా పనిచేస్తోంది. ట్రేలు కడగడం, శనగపిండితో పిల్లలకు మేత కలపడం, ప్యూపాల్ని తోక దగ్గరి గీత చూసి ఆడా మగా వేరు చేయడం ఆమె పని. నేను రోజూ పురుగుల మీద, నా మీద, కరెంటు మీద విసుక్కోవడం పక్కన నిలబడి చూస్తూ ఉండేది. ఒక రోజు ఇక ఉండబట్టలేక దగ్గరికి వచ్చింది.

"జర జరుగుండ్రి మేడం" అంది.

కొప్పులోంచి ఒక వెంట్రుక లాగింది. పురుగును ఎడమచేతి రెండు వేళ్ల మధ్య పట్టుకుంది. తల్లి పురుగు మెడ కంటికి కనబడదు, దాని నిండా బూడిద రంగు పొలుసులు దట్టంగా ఉంటాయి. శారదక్క మొహం దగ్గరికి తెచ్చి మెల్లగా ఊదింది. పొలుసులు రెండు పక్కలకూ విడిపోయి నూలుపోగంత మెడ బయటపడింది. వెంట్రుకను రెండు చుట్లు తిప్పి ముడి బిగించింది. పురుగు బల్ల మీద నింపాదిగా నడుచుకుంటూ పోయింది.

"ఎక్కడ నేర్చినవక్కా గిది?" అన్నాను.

"మా యాడి రైకెకు అద్దాలు కుట్టేటప్పుడు గిదే ముడి ఏస్తుండె. యాడి అంటే మా బాసల అమ్మ. గా అద్దం కన్న గీ పురుగు నయం మేడం, కాళ్లున్నయి, పట్టుకోనీకె వస్తది."

ఆ రోజు నుంచి నా ప్రయోగం ఆమె ప్రయోగం. ముడి లేని పురుగులు ఒక గుంపు, ముడి వేసినవి ఒక గుంపు, ముడి వేసి కడుపు మీద హార్మోన్ చుక్క పెట్టినవి మూడో గుంపు. నాలుగో రోజు కడుపులు కోసి చూశాం. ముడి లేని వాటిలో గుడ్లు జొన్నల్లా నిండుగా ఉన్నాయి. ముడి వేసిన వాటిలో పచ్చి సేమియా లాంటి తెల్లని పోగులు తప్ప ఏమీ లేదు. చుక్క పెట్టిన వాటిలో మళ్లీ పండిన గుడ్లు. నేను కుర్చీలోంచి ఎగిరి గంతేశాను.

శారదక్క భూతద్దంలోంచి చాలాసేపు చూసింది. "అంటే తలకాయల నుంచి కబురు పోకపోతే కడుపు పండదన్నట్టు" అంది. తర్వాత "మరి గా కబురు సీసలనే దొరికితే తలకాయ ఎందుకు మేడం దానికి?" అంది.

"మా సార్లకు గూడ గట్లనే అక్కా, సీస ఉంటే చాలు" అన్నాను. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. మా చదువును నాలుగేళ్లలో ఎవరూ అంత సూటిగా నాకు అప్పజెప్పలేదు.

శారదక్క పుట్టింది మరిపెడ పక్కన ఒక తండాలో. ఐదో తరగతి చదివింది. తొమ్మిదో ఏట నుంచే మిరప చేనులో కాయలు ఏరింది. మిరప ఏరిన చేతితో కన్ను నలుపుకుంటే ఏమవుతుందో, కళ్లంలో ఎండిన కాయ మూటలకు ఎత్తుతుంటే ముక్కులోకి ఘాటు ఎట్లా ఎక్కుతుందో చెబుతుంటే నాకే ముక్కు మండేది. డిసెంబరు నుంచి మార్చి దాకా తండా తండా అంతా దగ్గుతుందట. ముసలీ ముతకా దగ్గుతారు, చంకలో పిల్ల దగ్గుతుంది. దాన్ని అక్కడ ఎవరూ జబ్బు కింద లెక్కపెట్టరు. చలికి వణికినట్టు, ఎండకు చెమట పట్టినట్టు, మిరపకు దగ్గు. పెళ్లయి పెద్దవంగర పక్క తండాకు వచ్చింది. భర్త సక్రు మార్కెట్లో బస్తాలు మోస్తాడు. కూతురు సంగీత మహబూబాబాద్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది.

"నీడపట్టున పని మేడం" అనేది తన ఉద్యోగం గురించి. "మా ఇంట్ల ఎవ్వలు నీడపట్టున పని చెయ్యలే. నేనే మొదలు." ఆ మాట చెప్పేటప్పుడు ఆమె మొహం చూడాలి. ఏడేళ్లుగా కాంట్రాక్టు మీదే ఉంది. పర్మనెంటు కావాలని ఒక్కటే కోరిక. పర్మనెంటు అయితే ఇక మిరప చేను మొహం చూడక్కరలేదు, సంగీత కూడా చూడక్కరలేదు. ఆ ఆశ నేను మొదటి నెలలోనే పసిగట్టాను. తర్వాత దాన్ని వాడుకున్నాను.

ఒక్కో పొద్దున ముప్పై, నలభై పురుగులు. ఒక్కోదానికి ఒక ఊదు, ఒక్కోసారి రెండు. ఊదిన పొలుసులు ఎక్కడికీ పోవు, తిరిగి మొహం మీదికే వస్తాయి. పన్నెండు గంటలకల్లా శారదక్క కనుబొమ్మలు, రెప్పలు గోధుమ రంగులోకి మారేవి. కొంగుతో తుడుచుకుంటూ "పౌడరు ఏసుకున్న మేడం, మీ కంపెనీ పౌడరు" అని నవ్వేది. ముడి వేసే రోజులున్నంత కాలం తలకు నూనె పెట్టవద్దని చెప్పాను. నూనె తగిలితే ప్రయోగం చెడుతుందని. రెండున్నరేళ్లు ఆమె తలకు నూనె రాసుకోలేదు. కుంకుడుకాయతో కడుక్కుని, దువ్వెనకు వచ్చిన వెంట్రుకల్ని చుట్ట చుట్టి తెచ్చేది. వాటికి స్టీలు గిన్నెలు ఇచ్చే వాళ్లు తండాకు వస్తే, మా మేడానికి కావాలె అని తిప్పి పంపేదట.

ఇప్పుడు ఫ్యాను సంగతి రాయాలి. ఆ గదికి గాలి బయటికి లాగే ఫ్యాను ఒకటి ఉంది. అది తిరిగితే గదిలో తేమ పోయి, ముడి వేసిన పురుగులు రెండో రోజే చచ్చేవి. నేను ఫ్యాను ఆపించాను. ఎవరూ వేయకుండా స్విచ్ మీద తెల్ల టేపు అంటించి, "ఆపి ఉంచాలి" అని నల్ల స్కెచ్‌తో రాశాను. నా అక్షరాలు గుండ్రంగా బాగుంటాయి.

మాస్కు సంగతి కూడా రాయాలి. కంపెనీ మాస్కులు ఇచ్చింది. శారదక్క దాన్ని గడ్డం కిందికి లాగి ఉంచేది. "మాస్కు ఏసుకుంటే ఎట్ల ఊదాలె మేడం?" అని ఒకసారి అడిగింది. నిజమే కదా అనిపించింది. ఒక రబ్బరు బుడ్డి తెచ్చి, నొక్కితే వచ్చే గాలితో ప్రయత్నించాం. గాలి దెబ్బకు మూడు పురుగులు బల్ల మీంచి ఎగిరి కింద పడ్డాయి. శారదక్క పకపక నవ్వింది. బుడ్డిని సొరుగులో పడేశాను. నాకు తొందర. మళ్లీ ఆమె ఊదింది. నేను మాస్కు మాట ఇంకెప్పుడూ ఎత్తలేదు.

2022 ఆగస్టులో ఆమెకు దగ్గు మొదలైంది. పొడి దగ్గు, వస్తే ఆగదు.

"మిరపకాయలు ఏరినోళ్లకు గీ దగ్గు ఎంత మేడం" అంది. చిన్నప్పటి ఘాటు లోపల ఉండిపోయి ఇప్పుడు బయటపడుతోందని తండాలో అందరూ అన్నారట. సక్రు కూడా అదే అన్నాడు. వాళ్ల బతుకంతా దగ్గుకు ఒక్కటే కారణం ఉంది. వేరే కారణం వెతకాలన్న ఆలోచన వాళ్లకు ఎక్కడి నుంచి వస్తుంది? కానీ ఆగస్టులో మిరప పంట ఎక్కడిది? ఎనిమిదేళ్లుగా ఆమె మిరప చేనుకే పోలేదు కదా? ఆ ప్రశ్న నాకు రావాలి. ప్రశ్నలు అడగడమే నా చదువు. నా బుద్ధి గడ్డి తిన్నది.

పైగా ఒక రోజు ఆమె దగ్గు తెరకు పళ్లెంలోని పురుగులన్నీ బెదిరి చెల్లాచెదురయ్యాయి. నాకు చిర్రెత్తింది.

"దగ్గాలంటే బయటికి పోయి దగ్గక్కా" అన్నాను.

ఆనాటి నుంచి దగ్గు వస్తుంటే పెదవులు బిగబట్టి, మెడనరాలు ఉబ్బుతుండగా చేతిలో ముడి పూర్తి చేసి, అప్పుడు లేచి బయట నీళ్ల ట్యాంకు పక్కకు పోయి దగ్గి వచ్చేది. ఒక్కోసారి పావుగంట పట్టేది. నేను లోపల కూర్చుని గడియారం చూసుకునేదాన్ని.

ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఏడాది పాటు సీసాలు సీసాలు దగ్గు మందు తాగింది. కళ్లె పరీక్ష చేయిస్తే టీబీ లేదని వచ్చింది. ఆ మర్నాడు ఉడకబెట్టిన పల్లికాయలు సంచీ నిండా తెచ్చి అందరికీ పంచింది. "టీబీ లేదంట మేడం, ఇగ నాకేంది" అంది. నేను కూడా పల్లికాయలు తిన్నాను. ఆమె చెంపలు అప్పటికే లోపలికి పోయాయి. గేటు నుంచి మా గదికి నూట యాభై అడుగులు ఉంటాయి. మధ్యలో రెండుసార్లు ఆగేది. ఆగి, చెట్టు వైపో ఆకాశం వైపో చూస్తున్నట్టు నిలబడేది, ఆయాసం ఎవరూ గుర్తు పట్టకుండా.

2023 నవంబరులో, మా పరిశోధన వ్యాసం పంపిన పత్రిక వాళ్లు ఇంకో పన్నెండు వందల పురుగుల మీద అదే పరీక్ష మళ్లీ చేసి చూపించమన్నారు. ఆ వారమే సక్రు గేటు దగ్గర నా కోసం నిలబడ్డాడు. భుజం మీద తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మేడం, జర ఆమెను వేరే పనిల ఏయుండ్రి. గింజలు ఏరే కాడనో, తోటలనో. రాత్రి పండుకుంటలేదు, కూసునే తెల్లారుతున్నది."

"ఇంకో నలభై రోజులే అన్నా. గిది అయినంక పర్మనెంటు గురించి సార్‌తోటి నేనే మాట్లాడుత" అన్నాను.

అప్పటికి సార్‌తో ఆ మాట ఒక్కసారి కూడా కదిపి ఉండలేదు. సక్రు వెనక్కి తిరిగి, తనతోపాటే వచ్చి గేటు పక్కన నిలబడ్డ శారదక్క వైపు చూశాడు. ఆమె ఆయన చేతిలోంచి టిఫిన్ డబ్బా అందుకుంది.

"నలభై దినాలే గదా. నువ్వు పో, బస్తాలు దిగుతుంటయి" అంది. నా వైపు తిరిగి, "నా పేరు పుస్తకంల వస్తదా మేడం?" అని అడిగింది.

"ఎందుకు రాదు, తప్పక వస్తది" అన్నాను.

నలభై రోజులు అన్నది యాభై ఏడు రోజులైంది. పన్నెండు వందల పురుగులకు ముడులు పడ్డాయి. ఒక్కటీ జారలేదు. చివరి వారంలో ఒక పురుగుకు, ఇంకో పురుగుకు మధ్య బల్ల మీద తల ఆనించి పడుకునేది. నేను ఆమెకు మంచినీళ్లు ఇచ్చేదాన్ని. అదే గొప్ప అనుకున్నాను.

మాట నిలబెట్టుకున్నాను మరి. పురుషోత్తం సార్‌ను అడిగాను. ఆయన మంచివాడే, కాదనలేదు. పర్మనెంటు కావాలంటే ఆరోగ్య పరీక్ష తప్పదన్నారు. 2024 మార్చిలో శారదక్క కొత్త చీర కట్టుకుని ఎక్స్‌రే తీయించుకోవడానికి పోయింది. తిరిగి వచ్చిన కాగితం మీద ఉద్యోగానికి పనికిరాదని ఉంది. ఊపిరితిత్తులు రెండూ అడుగు నుంచి పైదాకా తెల్లగా కనబడ్డాయి.

వరంగల్‌లో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయాను. ఆయన ఎక్స్‌రే, స్కానింగు చాలాసేపు చూశాడు.

"ఇంట్ల పావురాలు పెంచుతరా అమ్మా?"

"లేదు సార్" అంది శారదక్క, ఆశ్చర్యపోయి.

"కోళ్ల ఫారంల పని చేసినవా? పత్తి మిల్లుల?"

"లేదు సార్. రెక్కల పురుగులతోటి పని. పదేండ్ల సంది."

డాక్టరు కలం కింద పెట్టాడు. ఆ రెక్కల పొడి లోపలికి పోయి పోయి ఊపిరితిత్తులు అట్టలా గట్టిపడ్డాయని చెప్పాడు. దగ్గు మొదలైనప్పుడే ఆ గది మానేసి ఉంటే జబ్బు అక్కడితో ఆగిపోయేదని, ఇప్పుడు గట్టిపడింది మళ్లీ మెత్తబడదని చెప్పాడు. మిరపకు దీనికీ సంబంధమే లేదన్నాడు. తర్వాత నా వైపు చూశాడు. నా మెడలో కంపెనీ కార్డు వేలాడుతోంది.

"మాస్కులు ఇయ్యలేదా మీరు?"

నేను ఏదో అనేలోపే శారదక్క అందుకుంది.

"ఇచ్చిన్రు సార్. నేనే ఏసుకోలే. వాళ్ల తప్పేం లేదు."

ఆ గదిలో నేను ఒక్క మాట చెబితే సరిపోయేది. మాస్కు వేసుకుంటే నా పని జరగదు సార్, అందుకే వేసుకోలేదు, ఫ్యాను ఆపమన్నది కూడా నేనే అని. నా థీసిస్ ఇంకా కంపెనీ చేతిలో ఉంది. నోరు మూసుకుని మందుల చీటీ తీసుకుని బయటికి వచ్చాను.

ఆ తర్వాత పది నెలలు బతికింది. తండాలో మంచం పక్కన గాలి మిషన్ పెట్టారు. కరెంటు పోతే ఆమె లేచి కూర్చుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఒక్కో ఊపిరి ఎక్కడి నుంచో తోడుకున్నట్టు తీసుకునేది. ఆ పది నెలల్లో నేను పోయింది మూడే మూడుసార్లు. మూడోసారి పోయినప్పుడు దిండు కింది నుంచి ఒక కవరు తీసి నా చేతిలో పెట్టింది. నిండా వెంట్రుకలు, చుట్టలు చుట్టలుగా. మందులకు జుట్టు ఊడిపోతోంది.

"మీకు అక్కెరకొస్తయని పెట్టిన మేడం. నూనె పెట్టలే."

ఆ మాట విని నేను ఇంటి వెనకకు పోయి ఏడ్చాను. తిరిగి వచ్చేసరికి ఆమె నిద్రపోతోంది. కవరు తెచ్చి బీరువాలో పెట్టాను. ఇప్పటికీ అక్కడే ఉంది.

2025 జనవరిలో పోయింది. మిరప ఏరే రోజులు. తండా అంతా చేన్లకు పోయి ఉంది. కబురు అందుకుని ఒక్కొక్కరే చేతులు కడుక్కోకుండానే వచ్చారు. శవం చుట్టూ కూర్చుని ఏడుస్తూ అందరూ దగ్గుతూనే ఉన్నారు.

ఆమె పోయిన నెలకు మళ్లీ పురుగులకు ముడి వేయాల్సి వచ్చింది. సొరుగు తీస్తే ఆ రబ్బరు బుడ్డి కనబడింది. ఊరికే, చేతులకు ఏదో ఒక పని కావాలన్నట్టు, దాని మూతిలో కొంచెం దూది కుక్కి, పైన సన్న గొట్టం తొడిగి నొక్కాను. గాలి మెల్లగా వచ్చింది. పొలుసులు రెండు పక్కలకూ విడిపోయాయి, మెడ బయటపడింది, పురుగు కదలలేదు. మొత్తం అరగంట పని. మూడేళ్లలో ఆ అరగంట నాకు దొరకలేదు.

జూన్‌లో సంగీత వచ్చింది. డిగ్రీ రెండో ఏడాది పరీక్షలు రాసి నేరుగా వచ్చిందట. తల్లి ఎత్తే, తల్లి జుట్టే.

"యాడి పేరున్న పుస్తకం మీ కాడ ఉన్నదని చెప్పింది మేడం. ఒక్కసారి చూసి పోత" అంది.

థీసిస్ తీసి ఇచ్చాను. నల్ల అట్ట, బంగారు అక్షరాలు, నా పేరు. కృతజ్ఞతల పేజీ తెరిచి వేలు పెట్టి చదువుకుంది. పురుషోత్తం సార్ పేరుంది. మా అమ్మా నాన్నల పేర్లున్నాయి. చివరి వరుసలో "ప్రయోగశాల సిబ్బందికి" అని ఉంది. ఆ పేజీని రెండుసార్లు చదివింది.

"ముడి ఏసిన కాడ ఉన్నదేమో" అంది తనే, నన్ను ఇబ్బంది పెట్టకుండా.

ఆ పేజీ నేనే తీసి చూపించాను. ఇంగ్లీషులో ఒక్క వాక్యం. మెత్తని గాలితో మెడ మీది పొలుసులు తొలగించి, మనిషి వెంట్రుకతో ముడి వేయబడినది.

"గాలి ఏ మిషిన్‌తోటి మేడం?"

"మిషిన్ లేదు సంగీతా. మీ యాడి నోటితోటి ఊదింది."

ఆ అమ్మాయి వాక్యం మీద నుంచి వేలు తీయలేదు. "మాస్కు ఉంటే ఊదరాదు గదా" అంది.

"రాదు."

"మాస్కు ఇచ్చిన్రు, నేనే ఏసుకోలే అని చెప్పింది మాకు." "చదువుకున్న బిడ్డను గదా, నాకు మస్తు కోపమొచ్చింది. నీ తలకాయల ఏమున్నది, ఇచ్చిన మాస్కు ఏసుకోనీకె ఏం రోగం అని తిట్టిన. మంచంల పడ్డంక గూడ తిట్టిన. సచ్చిపోయే ముందటి దినం గూడ ఫోన్ల తిట్టిన మేడం. నవ్వింది. ఏమనలే."

అప్పుడు అంతా చెప్పాను. ఫ్యాను, టేపు మీద నా అక్షరాలు, బయటికి పోయి దగ్గమన్న మాట, నలభై రోజులు, డాక్టరు ముందు నేను మింగేసిన మాట, దూది పెట్టిన బుడ్డి. ఒక్కటీ దాచలేదు. నేను చెప్పడం అయిపోయాక సంగీత లేచి చున్నీ సర్దుకుంది.

"గీ మాట ఆమె బతికున్నప్పుడు చెప్తే అయిపోతుండె గదా మేడం. నేను తిట్టకపోతుంటి."

పుస్తకం బల్ల మీదే వదిలేసి పోయింది.